సాయం చేసే చేతిలో కెమెరా

బాలల గృహంలో దుప్పట్లు పంచిన సంస్థ, పిల్లల ముఖాలు కనిపించేలా ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెడుతుంది. అది నేరం. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, బడి, ఫొటో అనుమతి లేకుండా బయటపెడితే 6 నెలల దాకా జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

చట్టం చేరని చోట్లూ ఉన్నాయి. భర్త కొట్టాడని సాయం కోరి వచ్చిన మహిళకు సేవా సంస్థ కార్యకర్త సొంత డబ్బు అప్పిస్తాడు, ఇంటి మనిషైపోతాడు. మనసు మంచిదే కావచ్చు. రేపు అతని సలహా వద్దని ఆమె ఎలా అనగలదు? ఆ అప్పే ఆమె నోరు కట్టేస్తుంది.

ఇలాంటి చోట హద్దులు గీయడానికి వకీళ్లకు బార్ కౌన్సిల్ ఉంది. సామాజిక సేవా వృత్తి మొత్తానికి అలాంటి చట్టబద్ధ మండలి మన దేశంలో లేదు. పార్లమెంటు దాన్ని ఏర్పాటు చేయాలి. ఈలోగా ప్రతి సంస్థా తన నియమావళిని, ఫిర్యాదు నంబరును తెలుగులో గోడ మీద రాయించాలి.