నురగను లెక్కలోంచి తీసేస్తే ఎలా?

2021 మే 17 రాత్రి తౌక్టే తుఫాను గుజరాత్ తీరాన్ని దీవ్, ఊనాల దగ్గర దాటింది. ఖంభాత్ సింధుశాఖకు ఇవతల ఉన్న సూరత్‌నూ గాలివాన వణికించింది. అప్పటినుంచి ఎక్కడ విన్నా ఒకటే మాట: అరేబియా సముద్రం వేడెక్కింది, అందుకే ఇన్ని తుఫాన్లు.

ఇది అబద్ధం కాదు. కానీ సగం నిజం, దాన్నే పూర్తి నిజంగా చలామణి చేస్తున్నారు. తుఫాను పుట్టాలంటే నీటి ఉష్ణోగ్రత సుమారు 26.5 డిగ్రీలు దాటాలంటారు. ఏప్రిల్, మే నెలల్లో అరేబియా సముద్రంలో చాలా భాగం ఏటా ఆ గీత దాటుతుంది. తౌక్టే మాత్రం ఏటా రాదు. పై గాలుల తీరు ఇందుకు ఒక కారణమని వాతావరణ నిపుణులు చెబుతూనే ఉన్నారు. జనం మాటల్లోకి అసలు రానిది నీటి పైపొర.

సూరత్ లింబాయత్‌లో సాంచెలు (మరమగ్గాలు) నడిపే మన తెలుగువాళ్లను అడగండి. గోదాములో నూలు ఎంతుందో చెబితే రోజుకు ఎన్ని మీటర్ల బట్ట దిగుతుందో తేలుతుందా? సాంచె నడిచే తీరు చూడాలి. సముద్రంలో వేడి నిల్వ ఎంతున్నా, అది గాలికి చేరేది ఆ పైపొర గుండానే. ఎక్కువ భాగం ఆవిరి రూపంలో పోతుంది. ఒక కిలో నీరు ఆవిరైతే దాదాపు 24 లక్షల జౌళ్ల వేడి దానితో వెళ్తుంది. అల విరిగినచోట ఆ పొర నీరుగా ఉండదు, నురగ అవుతుంది.

మోనహన్, ఓమిర్హెర్టెయ్ అనే శాస్త్రవేత్తలు 1980లో ఇచ్చిన సూత్రం ప్రకారం సెకనుకు 10 మీటర్ల గాలికి సముద్రంలో ఒక శాతమే తెల్లబడుతుంది. గాలి రెట్టింపైతే నురగ పదింతలవుతుంది. తర్వాతి కొలతల్లో ఈ అంకెలు కొంత తగ్గినా పోకడ మారలేదు. "ఒక శాతానికి ఇంత రాద్ధాంతమా?" అనేవారు మామూలు రోజుల గురించి మాట్లాడుతున్నారు. తుఫాను రోజున ఆ మాట చెల్లదు.

నురగ వేడిని మూతలా ఆపుతుందని కొందరి ఊహ. పరారుణ కెమెరాలు అంత తేలికైన జవాబు ఇవ్వలేదు. అల విరిగాక మిగిలే పాత నురగ చుట్టూ ఉన్న నీటికన్నా చల్లగా కనిపించింది. కింది నీటితో సంబంధం తెగిన పలుచని పొరలు ఆవిరవుతూ త్వరగా చల్లబడతాయి. అంటే నురగ కింది వేడికి అడ్డుపడుతూనే తన వేడిని గాలికి ఇచ్చేస్తుంది. పైగా ఎండను మామూలు నీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తిప్పికొడుతుంది.

అసలు విషయం ఇంకా ముందుంది. 2003లో పావెల్ అనే శాస్త్రవేత్త బృందం, తుఫాన్లలోకి విమానాల నుంచి జారవిడిచిన పరికరాల కొలతలు చూసి, గాలి సెకనుకు 33 మీటర్లు దాటాక నీటి రాపిడి గుణకం పెరగడం ఆగి తగ్గుతోందని తేల్చింది. నీటిని కప్పేసిన నురగే కారణం కావచ్చని సూచించింది. తుఫాను ఎంత బలపడగలదన్నది సముద్రం నుంచి అందే వేడికీ, రాపిడిలో పోయే శక్తికీ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుందని వాతావరణ శాస్త్రవేత్త కెర్రీ ఇమాన్యుయెల్ సిద్ధాంతం. రాపిడి తగ్గితే అదే వేడితో తుఫాను ఇంకా బలపడగలదు. రాపిడి తగ్గడంలో నురగ వాటా ఎంత, గాలికి లేచే తుంపర వాటా ఎంత అన్నది ఇంకా తెగలేదు. తెగనిదాన్ని లేనట్టు చూడటమే తప్పు.

సూరత్‌లో నురగను పట్టించుకోవడానికి మరో అడ్డంకి ఉంది. పాండేసరా, సచిన్‌లలో అద్దకం మిల్లులున్న ఊరు కాబట్టి, డుమస్ ఒడ్డున నురగ కనబడితే చాలు, కంపెనీల మురికి అనేసి ఊరుకుంటారు. మురికి ఉండొచ్చు, దాన్ని ఆపాల్సిందే. కానీ శుభ్రమైన సముద్రంలోనూ నాచు నుంచి వచ్చే మాంసకృత్తులు నురగను నిలబెడతాయి. సబ్బు గుణమున్న పదార్థాలు చేరితే బుడగ ఇంకా ఎక్కువసేపు బతుకుతుంది. అంటే తాపీ నది తెచ్చి కలిపేది ఏదైనా ఆ నీటి ఆవిరి లెక్కను కూడా మార్చవచ్చు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌కూ, సూరత్‌లోని ఇంజినీరింగ్ విద్యాసంస్థ ఎస్‌వీఎన్ఐటీకీ నా విన్నపం ఒక్కటే. ఖంభాత్ ముఖద్వారంలో నీటి ఉష్ణోగ్రతతో పాటు నురగ విస్తీర్ణాన్నీ, అది నిలిచే కాలాన్నీ వర్షాకాలం పొడవునా కొలవండి. ఆ అంకెలను తుఫాను హెచ్చరికల లెక్కల్లోకి తీసుకురండి.