వార్త వేఱు, వాయువు వేఱు

సముద్రగర్భమున సహజవాయువు బయల్పడినదని యొక ప్రకటన వెలువడినంతనే గోదావరి మండలములలో భూముల వెలలు పెరుగునని యాశించువారును, ఊరికొక కర్మాగారము వచ్చునని కలలు గనువారును పెక్కురు. ఆశపడుట దోషము కాదు. మన తీరమున వాయువు గలదనుటయు నబద్ధము కాదు. కాని తొలిబావి ముగిసెనో లేదో, దాని రాబడిని కోట్లలో గుణించి చెప్పుట చూచినపుడు ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

దృష్టాంతమును దూరమున వెదుక నక్కఱలేదు. 2005 జూన్‌లో గుజరాత్ రాష్ట్ర పెట్రోలియం సంస్థ కాకినాడ యెదుటి సముద్రమున గొప్ప నిక్షేపమును కనుగొనెనని నాటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీగారు ప్రకటించిరి. పరిమాణము 20 ట్రిలియన్ ఘనపుటడుగులు, అనగా 20 లక్షల కోట్లు. విలువ రెండు లక్షల కోట్ల రూపాయలకు పైమాట! 2009లో ఆమోదము పొందిన యభివృద్ధి ప్రణాళికలో ఆ పరిమాణము రమారమి పదవ వంతునకు దిగెను. వాయువు మిక్కిలి లోతున, అధికమగు వేడిమిలో, ఒత్తిడిలో, బిగువైన రాతిలో చిక్కి యుండెను. దానిని పైకి దెచ్చుటకగు వ్యయము మాత్రము దిగలేదు. తుదకు 2017లో కేంద్రప్రభుత్వ సంస్థయగు ఓఎన్‌జీసీ అందలి 80 శాతము వాటాను సుమారు 7,700 కోట్ల రూపాయలకు కొనెను. ఒక ప్రభుత్వసంస్థ బరువును వేఱొక ప్రభుత్వసంస్థ తలకెత్తుకొన్నది. రెండును ప్రజల ధనమే.

తొలిదశలోనున్న వాయుస్థానమును తూచుట యెట్లు? ధ్వనితరంగములను భూమిలోనికి బంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనులనుబట్టి పొరల చిత్రము గీయుదురు. అది జాతకచక్రము వంటిది. చూచువానినిబట్టి ఫలము మాఱుచుండును. వాయువును బుట్టించిన శిల, దానిని తనలో నిలుపుకొను సూక్ష్మరంధ్రములుగల ఇసుకరాయి, పైకి పోనీయక కప్పిన సందులేని పొర, ప్రక్కలకు జాఱకుండ బంధించు మడత, ఈ నాలుగును ఒకేచోట కూడిరావలెను. ఒక్కొక్కదానికి నాలుగింట మూడుపాళ్లు అవకాశమున్నదనుకొన్నను, నాలుగును కూడుట మూడింట నొకపాలునకు లోపే. శాస్త్రజ్ఞులు ఈ లెక్క నెఱుగుదురు. ప్రకటనలు వ్రాయువారే దీనిని విడిచివేయుదురు.

బావిలో వాయువు కనబడినను పని ముగియదు. నూయి త్రవ్వించిన రైతు తొలినాటి యూటను జూచి యింజను కొనడు. నాలుగు దినములు తోడించి, నీరు మరల నెంత వేగముగ నూరునో చూచును. వాయుకూపమునకును అదియే పరీక్ష. కొన్ని గంటలు మండిన జ్వాల ఛాయాచిత్రమునకు సొంపుగ నుండును. దినముల తరబడి ప్రవహింపనిచ్చి, మూసి, ఒత్తిడి యెంతవఱకు కోలుకొనునో చూచినగాని వెనుక నున్న నిల్వ పెద్దదో చిన్నదో తెలియదు. పిమ్మట చుట్టును మఱికొన్ని బావులు త్రవ్వి హద్దులు తేల్చవలెను. అప్పటికిని రాతిలో నున్నదంతయు పైకి రాదు. ‘ఉన్నది’ యొక సంఖ్య, ‘వచ్చునది’ మఱియొక సంఖ్య, ‘పలుకు ధరకు గిట్టునది’ మూడవ సంఖ్య. ప్రకటనలలో మొదటిదే పెద్దయక్షరములతో నుండును.

ఇంత పరీక్షించినను పొరపడవచ్చును. రిలయన్స్ వారి కేజీ-డీ6లో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలయ్యెను. దినమునకు 8 కోట్ల ఘనపుమీటర్లకు ఏర్పాట్లు చేసిరి. 2010లో 6 కోట్లు చేరి, పిదప క్షీణించెను. బావులలో నీరును ఇసుకయు జొరబడెను. తొలి రెండు క్షేత్రములు 2020లో మూతపడెను. అదే యేట చివర ప్రక్కక్షేత్రమున మరల ఉత్పత్తి మొదలుపెట్టగలిగిరి గనుక తీరమున వాయువే లేదనుట యన్యాయము. అయితే తొలిసంఖ్యను నమ్మి అప్పుదెచ్చి గోదావరి ప్రాంతమున కట్టిన విద్యుత్కేంద్రములు ఇంధనము లేక యేండ్ల తరబడి నిలిచిపోయినవి. వడ్డీ మాత్రము నిలువలేదు.

కావున ఏ సంస్థయైనను, ఏ మంత్రియైనను క్రొత్తనిక్షేపమును ప్రకటించునెడల మూడు సంఖ్యలను వేఱువేఱుగ చెప్పవలెనని మేము కోరుచున్నాము. వానిని స్వతంత్రనిపుణులు పరిశీలించిరో లేదో కూడ తెలుపవలెను. మా వంతు మేమును చేయుదుము. ఇకమీదట ఇట్టివార్త ప్రచురించునపుడు ఎన్ని బావులు త్రవ్విరో, ఎన్నిదినములు పరీక్షించిరో ప్రక్కనే వేయుదుము; వారు చెప్పనిచో, చెప్పలేదని వేయుదుము.