మంట ఆరిన తరువాత



జగర్‌గుండాకు రైలు లేదు. కొత్తవలస నుండి బయలుదేరిన మన ఇనుపదారి బైలదిల్లా కొండల చెంత కిరండూల్‌లో ఆగిపోతుంది. ఆ కొండలకు ఆవల, బస్తర్ అడవిలోని జగర్‌గుండా ప్రాంతంలో పుట్టి, రైల్వే సహాయక బండి సిబ్బందిలో చిరకాలం పనిచేసిన మన సహోద్యోగి ఇటీవల కన్నుమూశారు. తాను మనోవ్యాధికి చికిత్స పొందిన సంగతి అందరికీ చెప్పవలసిందనీ, పేరు మాత్రం ప్రకటించవద్దనీ ఆయన కోరారు. ఆ కోరికను మన్నిస్తున్నాము.

ఇప్పపూల కాలంలో చెట్ల క్రింది ఎండుటాకులకు పెట్టిన నిప్పు అడవికి ప్రాకితే, పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పే మనుషులను ఆయన బాల్యంలోనే చూచారు. ఉద్యోగంలో చేరాక, కాలిన బోగీ తలుపు తెరిచినవారిలో తానూ ఒకరైనారు. కాలిన చేతికి సెలవు దొరికింది. చెదిరిన మనస్సుకు దొరకలేదు. ఇంట్లో తలుపుకు గడియ వేస్తే ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఆయన తన బాధతో ఆగిపోలేదు. అగ్నిమాపక సిబ్బందికి, అడవుల్లో తాత్కాలిక వేతనంపై మంటలార్పే కాపలాదారులకు మానసిక వైద్యం హక్కుగా లభించాలని వాదించారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు ప్రేలుళ్ళలో 66 మంది అగ్నిమాపక యోధులు ప్రాణాలర్పించారు. ఏటా ఆనాడు వారికి నివాళులర్పిస్తాము. "మరణించినవారికి మౌనం పాటిస్తాము, బ్రతికి వచ్చినవారిని మరునాటి డ్యూటీకి పంపుతాము. ఇదేమి న్యాయం?" అని ఆయన అడిగేవారు.

ఆయన తీర్మానం మన మహాసభకు వచ్చినపుడు, కరవు భత్యం, ఖాళీల భర్తీ వంటి సమస్యలుండగా ఇదెందుకని వెనుకకు నెట్టినవారిలో ఈ వ్యాసకర్త ఒకడు. అది పొరపాటు. 2008లో కేసముద్రం వద్ద గౌతమి, 2012లో నెల్లూరులో తమిళనాడు ఎక్స్‌ప్రెస్, 2013లో కొత్తచెరువు వద్ద నాందేడ్ ఎక్స్‌ప్రెస్ తగులబడ్డాయి. ఆ బోగీలలోనికి వెళ్ళవలసినవారు మనవంటి ఉద్యోగులే. పట్టాలపై మనిషిని ఢీకొన్న బండిని నడిపిన లోకో పైలట్ మాటేమిటి? అడవిదారిన ఒంటరిగా ఉత్తరాలు మోసే గ్రామీణ డాక్ సేవకుని మాటేమిటి?

దొంగవేషాలు వేస్తారని కొందరంటారు. నడుము నొప్పి కూడా కంటికి కనబడదు. అందుకని జబ్బు సెలవును రద్దు చేయలేదు గదా!

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లోనే ఘోర సంఘటనల అనంతరం కలిగే మానసిక రుగ్మతను వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది. మన దేశంలో 2018 మే నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి వ్యక్తికీ వైద్యం పొందే హక్కునిచ్చింది. 2022 నుండి 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచిత సలహా లభిస్తున్నది. అయితే ఫోను నంబరు సెలవు మంజూరు చేయదు; ఉద్యోగానికి రక్షణ కల్పించదు.

కనుక మూడు కోర్కెలు. ఘోర ప్రమాదంలో పనిచేసిన ప్రతివారికీ వేతనంతో కూడిన విశ్రాంతి, వైద్య సలహా ఇవ్వాలి. ఆ చికిత్స వివరాలు సర్వీసు రికార్డుకు ఎక్కరాదు. కాంట్రాక్టు, తాత్కాలిక కార్మికులకూ ఇవి వర్తించాలి.

ప్రతి శాఖా ఈ తీర్మానాన్ని ఆమోదించి పంపవలసిందిగా విజ్ఞప్తి. ఒకసారి త్రోసిపుచ్చిన కాగితాన్ని మన చేతులతోనే తిరిగి సభ ముందుంచుదాము. ఆయనకు మనం బాకీపడిన నివాళి అదే.