వారానికొక్క మాత్రకు బిల్లింగ్ దగ్గరే కాపలా పెట్టాలి



కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణాలే పోవచ్చు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఈ మందు మోతాదు మించడాన్ని ఎన్నటికీ జరగకూడని ఘటనల జాబితాలో పెట్టింది. మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడే నాకు అన్నిటికన్నా భయం ఈ మందంటేనే. దీనితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చిన్న మాత్రే. చూపు ఆనని పెద్దవాళ్లు తేడా ఎలా గుర్తుపడతారు? అందుకే కవరు మీద స్కెచ్ పెన్నుతో ‘ఆదివారం మాత్రమే’ అని రాసి, వెంట వచ్చిన కొడుకుతోనో కోడలితోనో ఆ మాట తిరిగి చెప్పిస్తాను. సాయంత్రం రద్దీలో అదీ కుదరదు.

డాక్టర్లు రాసే మందుల చీటీలు కంప్యూటర్‌లో ముద్రించి వస్తే చాలంటారు కొందరు. చీటీ అర్థమయ్యేలా ఉండటం రోగి ప్రాథమిక హక్కని 2025లో పంజాబ్, హర్యానా హైకోర్టు చెప్పింది, సంతోషం. కానీ జాబితాలో పక్క మందు మీద క్లిక్ పడితే తప్పు కూడా స్పష్టంగానే ముద్రణ అవుతుంది. 2023 ఆగస్టు నుంచి 300 మందుల బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే కంపెనీ, బ్యాచ్, గడువు తేదీ తెలుస్తాయి గానీ ఎప్పుడు వేసుకోవాలో తెలియదు. ఆస్పత్రిలో 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుతో ఓపీ టోకెన్ చిటికెలో వస్తోంది. మందు చేతికిచ్చే మా దగ్గర మాత్రం, ఈ మనిషికి ఇంకో డాక్టరు ఏం రాశారో కనపడదు. రోగి ఓటీపీ చెప్పి అనుమతిస్తే ఆ మందుల జాబితా మాకూ కనిపించాలి. అప్పుడు రక్తం పల్చబరిచే మాత్ర వాడేవారికి నొప్పి మాత్ర ఇచ్చేముందు ఆగి డాక్టరుకు ఫోన్ చేస్తాం.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చాలా షాపుల్లో ఉంది. మెథోట్రెక్సేట్ పేరు కొట్టగానే అది ‘ఏ రోజు?’ అని అడగాలి. ఆ రోజు పేరు తెలుగులో లేబుల్ మీద ముద్రించేదాకా బిల్లు ఇవ్వకూడదు. ప్రతిదానికీ హెచ్చరిక పెడితే చదవకుండా ఓకే నొక్కేస్తాం, కాబట్టి నిజంగా ప్రాణం తీసే నాలుగైదింటికే పెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు సాఫ్ట్‌వేర్ కంపెనీలను పిలిచి, ముందు ఈ ఒక్క మందుతో మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక ఫార్మసిస్టు, తణుకు