రికార్డులో రాసింది, కళ్ళతో చూసింది



మన హాస్టల్లో బి.యస్సీ చదివే ఎవరి పెట్టె తెరిచినా ఒక ప్రాక్టికల్ రికార్డు కనబడుతుంది. అట్ట వేసి, బొమ్మలు నీటుగా గీసి ఉంటుంది. అందులో ఒక్క ప్రయోగం కూడా విఫలం కాదు. ఎందుకంటే అది సీనియర్ రికార్డు చూసి రాసింది. మేమూ అలాగే రాశాం. ఇరవై మందికి ఒక మైక్రోస్కోపు ఉన్నచోట అంతకన్నా ఏం చేస్తాం? మార్కులు వచ్చాయి. జీవశాస్త్రం వచ్చేసిందనుకున్నాం.

రెండో సంవత్సరం వేసవిలో మేము ముగ్గురం ఒక ప్రయోగశాలలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేశాం. మాకేమీ రాదని అప్పుడు తెలిసింది.

మా పని చెరకులో ఎర్రకుళ్ళు తెగులు. కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటం అనే శిలీంధ్రం దానికి కారణం. తెగులు సోకిన గడను నిలువునా చీలిస్తే లోపల ఎర్రగా, మధ్యమధ్య అడ్డంగా తెల్లమచ్చలతో ఉంటుంది. పులిసిన కల్లు వాసన వస్తుంది. మాలో ఒకడి నాన్న చెరకు నరికే కూలీ. వాసన తగలగానే వాడు, "ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు మేడమ్" అన్నాడు. మేడమ్ నవ్వలేదు. నోట్‌బుక్ తీసి, ఏ పొలాల్లో ఎక్కువగా చూశావని అడిగారు. నీరు నిలిచే పల్లపు పొలాల్లో అని చెబితే రాసుకున్నారు. కూలివాడి ఇంటి మాట ప్రయోగశాల పుస్తకంలోకి ఎక్కడం మేము చూడటం అదే మొదలు.

చిన్న ముక్కలు కోసి, మందు నీటిలో కడిగి, బంగాళాదుంప రసంతో చేసిన అగార్ మీద పెట్టాం. మొత్తం పన్నెండు ప్లేట్లు. అయిదో రోజు చూస్తే ఏడింటిలో పచ్చబూజు, నల్లబూజు. రెండింటిలో బాక్టీరియా. మాకు కావలసిన శిలీంధ్రం మూడింటిలోనే. ఫోర్సెప్స్‌ను ప్రతిసారీ మంటలో కాల్చలేదు. తప్పు మాదే.

ఆ రాత్రి హాస్టల్‌కి ఆలస్యంగా వచ్చి, మా కోసం తీసి ఉంచిన చల్లారిన అన్నం తింటూ, పన్నెండూ వచ్చాయని రాసేద్దామా అని మాట్లాడుకున్నాం. మూడేళ్ళుగా అలవాటైన పనే కదా! పొద్దున్నే ధైర్యం చేసి నిజం చెప్పాం. "తొమ్మిది పోయాయని రాయండి. ఎందుకు పోయాయో కూడా రాయండి. తర్వాత వచ్చేవాళ్ళకు అదే పనికొస్తుంది" అన్నారు మేడమ్. రెండోసారి తొమ్మిది నిలిచాయి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. అమెరికాలో ఫిస్క్‌తో కలిసి కండరాలలోని ఫాస్ఫరస్‌ను కొలుస్తుంటే రంగు రావలసినంత త్వరగా రాలేదు. లెక్క సరిచేసి ఊరుకోలేదు, ఎందుకని వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అలా బయటపడింది. వాళ్ళూ మనలా పాత రికార్డు చూసి రాసి ఉంటే?

అందుకే మా అభిప్రాయం ఇది. ప్రాక్టికల్ రికార్డు కాపీ చేయడం చిన్న తప్పు కాదు. కళ్ళెదుట ఉన్నదాన్ని చూడకుండా చేసే అలవాటు అది. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలనుకునేవాళ్ళు మనలో ఉన్నారు. నష్టపోయేది వాళ్ళే. చెరకు కోసం 1913లో మొదలైన పరిశోధన కేంద్రం మన అనకాపల్లిలోనే ఉంది. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు డిగ్రీ విద్యార్థులూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. తలుపు తట్టడానికి సిగ్గుపడొద్దు.

అన్నలారా, మీలో ప్రయోగశాలల్లో ఉన్నవాళ్ళు ఏడాదికి ఒక్క తమ్ముడిని వారం రోజులు పక్కన నిలబెట్టుకోండి. బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం దొరికితే మా వాళ్ళు వస్తారు.

మా వంతుగా మా నోట్‌బుక్‌ను హాస్టల్ గ్రంథాలయంలో పెడుతున్నాం. పాడైన తొమ్మిది ప్లేట్ల సంగతి కూడా అందులో ఉంది. తమ్ముళ్ళూ, చదవండి. కాపీ మాత్రం చేయకండి.