తుపాకి లైసెన్సు, గంజాయి మత్తు

మత్తునకు లోనైన చేతికి తుపాకి నీయరాదనుటలో నెవ్వరికిని భేదాభిప్రాయ ముండదు. కాని ఆ చేయి యెవరిదో నిర్ణయించు ప్రమాణమేది? మంగళగిరిలో రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయమున్నది; అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థయు నున్నది. చట్టమును నడుపువారును, దేహమనస్సులను పరీక్షింపగలవారును మన ముంగిటనే యున్నారు. అయినను ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానము చట్టమున కానరాదు.

1878 నాటి ఆయుధ చట్టమును మన పెద్దలేల నిరసించిరి? లిట్టన్ ప్రభువు కాలమున పుట్టిన ఆ చట్టము యూరోపియనులకు మినహాయింపు నిచ్చి, భారతీయుని మాత్రము అధికారి యనుగ్రహమునకై చేయిచాచునట్లు చేసెను. స్వతంత్ర భారతము దానిని తొలగించి 1959లో క్రొత్త చట్టము చేసికొన్నది. జాతిభేదము పోయినది, సంతోషము. అనుగ్రహము పోయినదా? 14వ సెక్షనును చదువుడు. మతిస్థిమితము లేనివానికే గాక, ఏ కారణముచేతనైనను అనర్హుడని అధికారి నమ్మినవానికిని లైసెన్సు నిరాకరింపవలెనట! ఆ "ఏ కారణము"లో గంజాయి యిముడును. కాని కళాశాల దినములలో నొకమారు పీల్చినవాడును, నిత్యము చిలుము విడువనివాడును ఒక్కటియేనా? సెక్షను చెప్పదు.

2016 నాటి ఆయుధ నియమములు కొంత మేలు చేసినవి. దరఖాస్తుదారుడు మత్తుపదార్థములకుగాని మాదకద్రవ్యములకుగాని బానిస కాడని వైద్యుని ధ్రువపత్రమును గోరుచున్నవి. కాని యది బానిసత్వమును గూర్చిన ప్రశ్న. వాడుకను గూర్చినది కాదు. వారమున కొకమారు గంజాయి త్రాగువాడు ఈ జల్లెడలో నిలుచునా, జారునా? 9వ సెక్షను పట్టుకొనునందురా? అది హింసతోగాని నైతిక పతనముతోగాని కూడిన నేరమునకు ఖైదు పడినవానిని, శిక్ష తీరిన పిదప అయిదేండ్లవరకు నిషేధించును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద గంజాయి సేవించినందులకు ఆరునెలలవరకు ఖైదైనను, పదివేల రూపాయలవరకు జుల్మానాయైనను, రెండునైనను విధింపవచ్చును. జుల్మానా మాత్రమే చెల్లించి బయటపడినవానికి 9వ సెక్షను తగులనే తగులదు.

నియమము మౌనము వహించినచోట పలుకుబడి మాటలాడును. అడవిపందులనుండి పైరు కాపాడుకొనుటకు నాటుతుపాకి కోరు రైతునకు లైసెన్సు నీయవలెనని 13వ సెక్షను చెప్పుచున్నది. అట్టి రైతుపై గిట్టనివాడొకడు "వాడు గంజాయి మనిషి" యని గుసగుసలాడిన చాలును, దరఖాస్తు మూలబడవచ్చును. మోతుబరి కుమారుని చిలుము వాసన మాత్రము ఏ ముక్కునకు నందదు! నిరాకరణకు కారణము వ్రాయవలెను గదా, అప్పీలున్నది గదా యందురు. ఉన్నవి. కాని ప్రజాప్రయోజనము పేర ఆ కారణమును చెప్పకుండను ఉండవచ్చును. ప్రమాణమే లేనప్పుడు అప్పీలులో వాదించుట దేనిని బట్టి?

ఒకమారు గంజాయి ముట్టినవానికి జన్మలో లైసెన్సు వలదని కొందరు మిత్రులనుచున్నారు. వారితో మే మేకీభవింపము. స్వచ్ఛందముగా చికిత్సకు వచ్చి, దానిని పూర్తిచేసిన వ్యసనపరుని సేవన నేరమునకు శిక్షింపరాదని మాదకద్రవ్యముల చట్టము 64ఎ సెక్షనే దయచూపినది. ఆ చికిత్సయే శాశ్వత కళంకమైన, ఆసుపత్రి గడప త్రొక్కువా డెవడు? అమెరికాను చూడుడు. అక్కడి 1968 నాటి ఫెడరలు చట్టము మాదకద్రవ్యముల అక్రమ వాడుకరి తుపాకి కలిగియుండరాదని శాసించెను. ఆ "వాడుకరి" యెవడో తేల్చలేక న్యాయస్థానములు ఏండ్లతరబడి తర్జనభర్జన పడినవి. రాష్ట్రములు గంజాయికి అనుమతి నిచ్చినను ఫెడరలు నిషేధము దానివలన తొలగలేదు. అచ్చటి తెలుగువారును ఈ చిక్కును గమనింపవలసినదే.

మేము కోరునది స్వల్పము. ఎంతకాలపు వాడుక అనర్హతయో నియమములలో వ్రాయుడు. గంజాయి నేరము రుజువైన పిదప ఎన్నియేండ్లకు అర్హత తిరిగివచ్చునో చెప్పుడు. ధ్రువపత్రమును ప్రభుత్వ మానసిక వైద్యుడు పరీక్షించి యిచ్చునట్లును, పునరుద్ధరణ సమయమునను ఆ పరీక్ష తప్పకుండునట్లును చేయుడు. మద్యమునకు బానిసయైనవానికిని ఇదే కొలబద్ద వర్తింపవలెను. మత్తుగొన్న చేతికి తుపాకి దక్కరాదు. గుసగుసకు వెరచి నిర్దోషి లైసెన్సు కోల్పోరాదు. ఈ రెండును సాధింపవలెనన్న అధికారి విచక్షణ చాలదు, అక్షరబద్ధమైన నియమము కావలెను. మన శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును ఈ మాటను ఢిల్లీకి చేర్చునంతవరకు పాఠకులు వారిని అడుగుచుండవలెను.