గేమ్ డీ డ్రైవ్‌లో... ప్రాణం సీ డ్రైవ్‌లో!

సంక్రాంతికి పిన్ని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. వాళ్ళబ్బాయి చిన్నూ ఎనిమిదో క్లాసు. "అన్నయ్యా, లాప్‌టాప్ నత్తలా నడుస్తోంది, ఒకసారి చూడవా" అన్నాడు. చూశా. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్ర గీత చూపిస్తోంది. 'కంప్యూటర్ తెలిసిన అన్నయ్య' అనే బిరుదు ఉన్నవాడు ఇలాంటప్పుడు ఏం చేస్తాడు? ఫార్మాట్ కొడతాడు. అయినా జాగ్రత్తగానే అడిగాను, "గేమ్స్ ఎక్కడున్నాయిరా?" అని. "అన్నీ డీ లోనే అన్నయ్యా, మొన్నే మార్చేశా" అన్నాడు. ఫోటోలు, స్కూల్ ప్రాజెక్టులు పెన్‌డ్రైవ్‌లోకి తీశాం. అరిసెలు తింటూ కొత్త విండోస్ ఎక్కించేశా.

సాయంత్రం వాడు మైన్‌క్రాఫ్ట్ తెరిచాడు. గేమ్ వచ్చింది. లోపల వాడి ప్రపంచం లేదు.

రెండేళ్ళుగా వాడు అందులో కడుతున్నది మా అమ్మమ్మ ఇల్లు. పెంకుటిల్లు, అరుగు, పెరట్లో బావి, గొడ్ల చావిడి, అన్నీ. అసలు ఇల్లు పడగొట్టి అక్కడ డాబా వేశారు కదా, వీడు ఆ పాత ఇంటిని బ్లాకులతో మళ్ళీ లేపుతున్నాడు. నాకా సంగతే తెలీదు. రికవరీ సాఫ్ట్‌వేర్లు రెండు పెట్టి రాత్రి ఒంటిగంట దాకా గాలించా. ఏమీ రాలేదు. ఎస్ఎస్‌డీలో ఫార్మాట్ అయిన ఫైళ్ళు తిరిగి దొరకడం చాలా కష్టం. ట్రిమ్ అనే పద్ధతి ఒకటుంటుంది, పాత డేటా ఉన్న చోటుని డ్రైవే వెనకాల తుడిచేసుకుంటుంది. వాడు ఏడవలేదు. "పర్లేదులే అన్నయ్యా" అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

'సీ డ్రైవ్ ఫుల్, గేమ్స్ వేరే డ్రైవ్‌లోకి ఎలా మార్చాలి' అని మీలో చాలామంది అడుగుతుంటారు. ఈ వారం అదే చెప్తా. కానీ ముందు ఒక మాట. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ఒకచోట ఉంటాడు, వాడి ప్రాణం ఇంకెక్కడో చిలకలో ఉంటుంది. పీసీ గేమ్ కూడా అంతే. 100 జీబీ ఫోల్డర్ అనేది ఒట్టి ఒళ్ళు. మీరు ఆడిన ఆట, అంటే సేవ్ ఫైల్, చాలాసార్లు ఆ ఫోల్డర్‌లో ఉండదు. అది సీ డ్రైవ్‌లో ఓ మూల దాక్కుని ఉంటుంది.

డీ డ్రైవ్ నిజంగా వేరేనా?

లాప్‌టాప్ కొన్నప్పుడు షాపు కుర్రాడు సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసి ఇస్తాడు. మనం మూడు డ్రైవ్‌లున్నాయి అనుకుంటాం. కాదు, ఒకటే డిస్క్, మధ్యలో గోడలు కట్టారంతే. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్ళండి. డిస్క్ 0 పక్కనే సీ, డీ రెండూ కనిపిస్తే మీది ఒకటే డ్రైవ్. అక్కడే ఎస్ఎస్‌డీనా, హెచ్‌డీడీనా అనేది కూడా రాసి ఉంటుంది. ఒకే డిస్క్ అయితే గేమ్‌ని సీ నుంచి డీ కి మార్చడం వల్ల సీ లో చోటు వస్తుంది తప్ప వేగం పెరగదు. డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి.

నిజంగా వేరే డ్రైవ్ కొనేవాళ్ళకి నా సలహా: లాప్‌టాప్‌లో ఖాళీ ఎం.2 స్లాట్ ఉంటే అందులో ఎస్ఎస్‌డీ వేయించుకోండి. లేకపోతే ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ. తిరిగే హార్డ్ డిస్క్ చవకే, పాత గేమ్‌లకి బాగానే సరిపోతుంది. కానీ సైబర్‌పంక్ 2077, బాల్డర్స్ గేట్ 3, స్టార్‌ఫీల్డ్ లాంటివి సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్‌లోనే ఎస్ఎస్‌డీ కావాలని అడుగుతాయి. అవి హార్డ్ డిస్క్‌లో పెడితే ఆట మధ్యలో గోడలు, మనుషులు మెల్లగా ప్రత్యక్షమవుతుంటారు. 1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీనే కనిపిస్తుంది. షాపువాడితో గొడవ పెట్టుకోకండి, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అది. ఐదారొందలకే 2 టీబీ పెన్‌డ్రైవ్ అని కనిపిస్తే మాత్రం దూరం జరగండి. లోపల చోటు తక్కువే ఉంటుంది, పైకి అబద్ధం చెప్తుంది. నిండగానే పాత ఫైళ్ళ మీదే కొత్తవి రాసేస్తుంది.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ని ఏ పోర్టులో పెడుతున్నారో కూడా చూసుకోండి. 150 జీబీ గేమ్ పాత యూఎస్‌బీ 2 పోర్టులో కాపీ అవ్వాలంటే గంట పైనే పడుతుంది. యూఎస్‌బీ 3 లో, మంచి ఎస్ఎస్‌డీ అయితే, పది నిమిషాల పని. ఇంకోటి, కొత్త ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి. గేమ్‌ల కోసమే అయితే ఖాళీగా ఉన్నప్పుడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చేయండి. తర్వాత మార్చాలంటే ఉన్నదంతా చెరిపేయాలి.

కట్ పేస్ట్ వద్దు బాబూ

స్టీమ్‌లో అయితే సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరవండి. పైన డ్రైవ్ పేరు మీద నొక్కితే కొత్త డ్రైవ్ కలపమని అడుగుతుంది. కలిపాక గేమ్‌లకి టిక్ పెట్టి మూవ్ కొట్టండి. అంతే, అయ్యేదాకా కేబుల్ పీక్కుండా ఉంటే చాలు. ఎక్స్‌బాక్స్ యాప్‌లో గేమ్ మీద మేనేజ్ నొక్కి, ఫైల్స్‌లో చేంజ్ డ్రైవ్.

ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ కట్ చేసి పేస్ట్ చేశారనుకోండి, లాంచర్‌కి ఆ సంగతి తెలీదు. గేమ్ ఇన్‌స్టాల్ అవ్వలేదు అంటుంది. కంగారుపడి మొత్తం మళ్ళీ దించేయకండి. రోజుకి 2 జీబీ ప్లాన్ మీద హాట్‌స్పాట్‌తో నడిపేవాళ్ళకి 150 జీబీ అంటే 75 రోజులు! స్టీమ్ ఫైళ్ళయితే కొత్త డ్రైవ్‌లోని స్టీమ్‌లైబ్రరీ, స్టీమ్‌యాప్స్, కామన్ ఫోల్డర్‌లో ఉండేలా చూసి, అదే డ్రైవ్‌కి ఇన్‌స్టాల్ కొట్టండి. ఉన్న ఫైళ్ళని గుర్తుపట్టి, సరిచూసుకుని, లేనివి మాత్రమే దించుతుంది.

మూవ్ బటన్ లేని లాంచర్ల కోసం ఓ పాత చిట్కా ఉంది. గేమ్ ఫోల్డర్‌ని ముందు వేరేచోట కాపీ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కొత్త డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, ఒకటి రెండు శాతం రాగానే పాజ్ చేసి లాంచర్ మూసేయండి. కాపీ చేసింది అక్కడ పేస్ట్ చేసి మళ్ళీ రెజ్యూమ్ కొట్టండి. వరస తప్పకూడదు, ముందు కాపీ, తర్వాతే అన్‌ఇన్‌స్టాల్.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌తో ఒక చికాకు ఉంది. నిన్న ఈ అని ఉన్నది ఇవాళ ఎఫ్ అని వస్తే లైబ్రరీ మొత్తం మాయమైనట్టు కనిపిస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి దానికి చివరి అక్షరాల్లో ఒకటి, ఎక్స్ అనో జెడ్ అనో ఇచ్చేయండి. ఇంక గొడవ ఉండదు.

చిలక ఎక్కడుంది?

ఇప్పుడు అసలు సంగతి. పైన చెప్పిన మూవ్ బటన్లు గేమ్ ఫోల్డర్‌నే కదుపుతాయి. సీ డ్రైవ్‌లో ఉన్న సేవ్‌లని ముట్టుకోవు. కొత్త డ్రైవ్ నుంచి ఆడినా సేవ్ మాత్రం సీ లోనే పడుతుంటుంది. అందుకే మార్చిన రోజు ఏ తేడా తెలీదు. ఆర్నెల్ల తర్వాత 'గేమ్స్ అన్నీ డీ లోనే ఉన్నాయి కదా' అని సీ ని ఫార్మాట్ చేసినప్పుడు తెలుస్తుంది.

విచర్ 3, స్కైరిమ్, జీటీఏ 5 సేవ్‌లు డాక్యుమెంట్స్‌లో ఉంటాయి. స్కైరిమ్‌ది అందులో మై గేమ్స్ అనే ఫోల్డర్, జీటీఏది రాక్‌స్టార్ గేమ్స్. సైబర్‌పంక్‌ది మీ యూజర్ ఫోల్డర్‌లోని సేవ్డ్ గేమ్స్‌లో. ఎల్డెన్ రింగ్, స్టార్‌డ్యూ వ్యాలీ, మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ యాప్‌డేటాలో. ఈ యాప్‌డేటా దాచిన ఫోల్డర్, మామూలుగా కనపడదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, యాప్‌డేటా అని ఇంగ్లిష్‌లో కొట్టి, దానికి ముందొకటి వెనకొకటి పర్సెంట్ గుర్తు పెట్టి ఎంటర్ చేయండి. తెరుచుకుంటుంది. చిన్నూ ఇల్లు ఉన్నది అక్కడే, మైన్‌క్రాఫ్ట్ ఫోల్డర్‌లో సేవ్స్ అనే చోట. మీ గేమ్ ఈ జాబితాలో లేకపోతే పీసీగేమింగ్‌వికీలో పేరు వెతకండి, సేవ్ ఎక్కడుంటుందో రాసి ఉంటుంది.

'క్లౌడ్ ఉంది కదా బ్రో' అనేవాళ్ళకి: ఉంది, కానీ అన్నిటికీ లేదు. స్టీమ్ స్టోర్‌లో ఆ గేమ్ పేజీలో స్టీమ్ క్లౌడ్ అని ఉంటేనే ఉన్నట్టు. మైన్‌క్రాఫ్ట్ జావా ప్రపంచాలు మీ కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా ఉండవు. క్లౌడ్ ఉన్నా నెట్ లేకుండా ఆడింది పైకి వెళ్ళదు. క్లౌడ్‌లో ఉన్నదీ ఇక్కడున్నదీ వేరుగా ఉన్నాయి, ఏది ఉంచమంటావ్ అని బాక్స్ వస్తే తేదీలు చూసి నొక్కండి. నిద్రమత్తులో ఖాళీ దాన్ని ఎంచుకుంటే మంచి సేవ్ మీద అదే రాసేస్తుంది.

సేవ్ ఫైళ్ళు చాలావరకు కొన్ని ఎంబీలే. మైన్‌క్రాఫ్ట్ ప్రపంచం పెద్దదైతే వందల ఎంబీ. జిప్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పడేస్తే ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఓ మూలకి సరిపోతుంది. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఇంకో కాపీ. గేమ్‌లు మార్చకముందే ఈ పని చేయండి, ఎందుకంటే కొన్ని గేమ్‌లు సేవ్‌ని గేమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకుంటాయి, అన్‌ఇన్‌స్టాల్‌తో అవీ పోవచ్చు. ఇప్పటికే విండోస్ మళ్ళీ వేసేసినవాళ్ళు సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో వెంటనే చూడండి. ఫార్మాట్ కొట్టకుండా పైనే ఎక్కించి ఉంటే పాత యూజర్ ఫోల్డర్ కొన్నాళ్ళు అందులో బతికే ఉంటుంది. నేను ఫార్మాట్ కొట్టాను కాబట్టి మాకది కూడా లేదు.

చిన్నూ మళ్ళీ మొదలుపెట్టాడు. ప్రతి ఆదివారం సేవ్స్ ఫోల్డర్ జిప్ చేసి నాకు డ్రైవ్ లింక్ పంపిస్తాడు, పక్కన ఒక్క ముక్క కూడా రాయడు. మొన్న మాత్రం ఫోన్ చేశాడు, అమ్మమ్మని కాన్ఫరెన్స్‌లో కలపమని. "అమ్మమ్మా, బావి వంటింటికి ఎడమ పక్కనా, కుడి పక్కనా?"

"ఎడమా కాదు కుడీ కాదురా. వెనకాల, జామచెట్టు కింద. జామచెట్టు పెట్టావా లేదా?"

పెట్టలేదట.